నర్సరీ ట్రాలీకి లెడ్ యాసిడ్ దించి లిథియం ఎక్కించడం: ప్రాజెక్టు డైరీ

బండి మూడు చక్రాల ఈ-కార్ట్. 48 వోల్టుల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు, దానికి వెళ్లే కరెంటును 50 ఆంపియర్లకు మించనివ్వని కంట్రోలరు. కడియపులంకలో ఒక నర్సరీ లోపల కుండీలు, ఎర్రమట్టి బస్తాలు, కోకోపీట్ దిమ్మలు మోస్తుంది. దించేది: 12 వోల్టుల, 130 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు వస్తాయన్న లెక్క) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు. ఎక్కించేది: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ పదహారు, ఒక్కొక్కటి 3.2 వోల్టులు, 105 ఏహెచ్.

ఇందులో సెల్స్ పెట్టడం చిన్న పనే. ఛార్జరు, మీటరు, హారన్‌కు కరెంటు తీసిన వైరు, ఫ్యూజు, చివరికి సీటు కింద ఉన్న రేకు పెట్టె కూడా లెడ్ యాసిడ్ లెక్కలో చేసినవి. వాటిని అలాగే ఉంచేసి సెల్స్ మాత్రం మార్చిన బండి మళ్లీ షెడ్డుకు రాక తప్పదు. అందుకే ఈ డైరీలో సెల్స్ కన్నా వాటి చుట్టూ ఉన్న సామాను గురించే ఎక్కువ ఉంటుంది.

ముందే ఒక మాట. ఈ బండి నర్సరీ కంచె దాటదు. రోడ్డు మీద తిరిగే బండికి చేత్తో కట్టిన ప్యాక్ పెట్టకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. ఎల్ కేటగిరీ (రెండు, మూడు చక్రాలవి మొదలైన) బండ్ల బ్యాటరీలకు ఏఐఎస్-156 ప్రమాణం ఉంది. దాని మూడో సవరణ 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశగా, 2023 మార్చి 31 నుంచి రెండో దశగా అమల్లోకి వచ్చింది. ఒక సెల్‌లో పుట్టిన మంట పక్క సెల్స్‌కు ఎలా పాకుతుందో చూసే పరీక్ష, నీళ్లలో ముంచే పరీక్ష అందులో ఉన్నాయి. అవి ఇంటి వెనక షెడ్డులో చేసేవి కావు. రోడ్డు బండికైతే పరీక్షలు పాసైన ప్యాక్ కొనండి. ఇక్కడ రాసిన మిగతా సంగతులు (ఛార్జరు, 12 వోల్టులు, మీటరు, ఎండ) కొన్న ప్యాక్‌కూ వర్తిస్తాయి.

మార్చి: దించే ముందు కొలతలు

పాత బ్యాటరీలు ఎలా చనిపోయాయో తెలియకపోతే కొత్తవీ అలాగే పోతాయి. బండి ఆపి ఉన్నప్పుడు మూడు బ్యాటరీలు 12.5 వోల్టులు చూపించాయి, నాలుగోది 12.1. లోడు వేసి 40 ఆంపియర్లు లాగితే మూడు 11.5 పైనే నిలిచాయి, నాలుగోది 9.8కి జారింది. ఆ నాలుగోదాని మీద నుంచే లైట్లకు, హారన్‌కు 12 వోల్టులు తీశారు. ఈ తరహా బండ్లలో కనిపించే అలవాటే ఇది. కన్వర్టరు ఖర్చు మిగులుతుంది కానీ, ఆ ఒక్క బ్యాటరీ రోజూ మిగతావాటికన్నా ఎక్కువ ఖాళీ అవుతుంది. ఛార్జరు మాత్రం నాలుగింటినీ వరసలోనే నింపుతుంది. కనుక మూడు పూర్తిగా నిండి నీళ్లు మరుగుతుంటే నాలుగోది ఎప్పుడూ అరకొరగానే ఉండిపోతుంది. నెలలు గడిచేకొద్దీ దాని ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఒక్కటే పోయినా జనం నాలుగూ పోయాయనుకుంటారు.

క్లాంప్ మీటరుతో కరెంటు: ఖాళీ బండికి చదును దారిలో 14 నుంచి 16 ఆంపియర్లు, లోడుతో తడి మట్టి మీద 22 నుంచి 28. కాలువ గట్టు ఎక్కేటప్పుడు 50 తాకి అక్కడే నిలిచింది. అంటే కంట్రోలరు పరిమితి సరిగానే పనిచేస్తోంది.

130 తీసి 105 పెడితే మైలేజీ తగ్గదా అని నర్సరీ వాళ్లు అడిగారు. లెడ్ యాసిడ్ మీద రాసే 130 ఇరవై గంటల లెక్క. అంటే 6.5 ఆంపియర్లు నెమ్మదిగా లాగితే వచ్చేది. 25-30 ఆంపియర్లు లాగే బండిలో అదే బ్యాటరీ 95 ఏహెచ్ దరిదాపుల్లో ఆగిపోతుంది. దాంట్లోనూ 80 శాతానికి మించి వాడితే ఆయుష్షు పడిపోతుంది కనుక చేతికి దక్కేది 75 ఏహెచ్. లోడు మీద సగటున 47 వోల్టులు వేసుకుంటే మూడున్నర యూనిట్లు. ఫాస్ఫేట్ సెల్స్‌కు ఈ వేగానికి సామర్థ్యం పెద్దగా తగ్గదు. 105లో 90 శాతం అంటే 94 ఏహెచ్, 51 వోల్టుల మీద 4.8 యూనిట్లు. లేబుల్ మీద సంఖ్య చిన్నది, దారిలో దక్కేది పెద్దది.

పదిహేను సెల్స్ పెట్టాలా, పదహారా అన్నది తర్వాతి ప్రశ్న. పదిహేనైతే నామమాత్రపు వోల్టేజీ సరిగ్గా 48, నిండితే 54.75. పదహారైతే 51.2, సెల్‌కు 3.65 చొప్పున నింపితే 58.4. పాత లెడ్ యాసిడ్ కూడా ఛార్జింగ్ చివర 58 దాటేది కనుక కంట్రోలరుకు పదహారు కొత్త కాదు. మూత విప్పి చూస్తే కెపాసిటర్ల మీద 63 వోల్టులని ఉంది. సరిపోతుంది, కానీ పైన మిగిలింది నాలుగున్నర వోల్టులే. ఈ సంగతి బ్రేకుల దగ్గర మళ్లీ వస్తుంది.

మార్చి చివర: సెల్స్ వచ్చాయి

ఒక్కో సెల్ సుమారు రెండు కిలోలు. 36 మి.మీ. మందం, 130 వెడల్పు, 200 ఎత్తు. పెట్టె విప్పగానే ప్రతి సెల్‌కు మార్కరుతో నంబరు వేసి మూడు సంగతులు రాసుకోవాలి: వోల్టేజీ, అంతర్గత నిరోధం, పొట్ట. వోల్టేజీలన్నీ 3.29 దగ్గర ఒకదానికొకటి మిల్లీవోల్టుల తేడాలోనే ఉండాలి. ఒక్కటి 3.25 ఉందంటే అది గోడౌనులోనే కరెంటు కోల్పోతోందని అనుమానించాలి. నిరోధం కొలవడానికి మామూలు మల్టీమీటరు పనికిరాదు. నాలుగు తీగల ఒక కిలోహెర్ట్జ్ మీటరు కావాలి. ఈ సైజు సెల్ 0.3 మిల్లీఓమ్ అటూ ఇటూ చూపించాలి. పొట్ట కోసం చదునైన గాజు పలక మీద పడుకోబెట్టి స్టీలు స్కేలు ఆనించి చూడాలి. కొత్త సెల్ ఉబ్బి ఉండకూడదు.

క్యూఆర్ కోడ్‌ను గీకేసి పక్కన ఇంకోటి చెక్కి ఉంటే అది కంపెనీ తిరస్కరించిన సరుకో, విప్పిన ప్యాక్‌లోదో కావచ్చు. అలాంటివి ఎనర్జీ నిల్వకు, సోలార్ ఇన్వర్టరుకు పనికొస్తాయేమో కానీ, గతుకుల మీద తిరిగే బండికి వద్దు.

ఈ సెల్స్ చైనావి. మన దగ్గర లెడ్ యాసిడ్‌కు పేరున్న అమర రాజా మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేసింది. కేంద్రం సబ్సిడీ పథకాల్లోనూ లెడ్ యాసిడ్‌తో వచ్చే బండికి చోటు లేదు. 2024 అక్టోబరు 1న మొదలైన పీఎం ఈ-డ్రైవ్ కూడా అధునాతన బ్యాటరీ ఉన్న ఈ-రిక్షాలకు, ఈ-కార్ట్‌లకే ప్రోత్సాహకం ప్రకటించింది. కొత్త బండ్ల దారి ఎటో తేలిపోయింది. చిక్కంతా ఇప్పటికే తిరుగుతున్న పాత బండ్లతోనే. సోడియం సెల్స్ వచ్చేదాకా ఆగవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. వాటిలో చాలా రకాలు 1.5 నుంచి 4 వోల్టుల దాకా ఊగుతాయి. పదహారు వరసలో పెడితే 24 నుంచి 64. ఈ కంట్రోలరు కింద 42 దగ్గరే ఆపేస్తుంది, పైన 63కే కెపాసిటరు హద్దు. సోడియం కోసం బండిలో ఎలక్ట్రానిక్స్ అంతా మార్చాలి.

ఏప్రిల్ మొదట: టాప్ బ్యాలెన్స్

సెల్స్ అన్నీ ఒకే స్థాయికి నింపకుండా ప్యాక్ కడితే, ముందుగా నిండిన సెల్ దగ్గర ఛార్జింగ్ ఆగిపోతుంది, ముందుగా ఖాళీ అయిన సెల్ దగ్గర బండి ఆగిపోతుంది. బీఎంఎస్ (ప్రతి సెల్‌ను కనిపెట్టి, హద్దు దాటితే కరెంటు ఆపే సర్క్యూటు) చూసుకుంటుందిలే అనుకోవద్దు. మామూలు బీఎంఎస్ 50 నుంచి 100 మిల్లీఆంపియర్లతో బ్యాలెన్స్ చేస్తుంది. ఒక సెల్ ఒకే ఒక్క శాతం, అంటే ఒక ఏహెచ్, ముందుంటే దాన్ని దించడానికే పది నుంచి ఇరవై గంటలు. అదీ ప్యాక్ నిండుగా ఉన్న సమయంలోనే జరిగే పని.

పదహారింటినీ సమాంతరంగా కలిపి నింపుదామంటే 1,680 ఏహెచ్ గంగాళం. పది ఆంపియర్ల బెంచ్ సప్లైతో (వోల్టేజీని నాబ్‌తో పెట్టుకునే బల్ల మీది పవర్ సప్లై) రోజులు పడుతుంది. అందుకే ముందు వరసలో కలిపి, బీఎంఎస్ తగిలించి, ఛార్జరుతో నింపాలి. ఏదో ఒక సెల్ 3.50 తాకగానే ఆపి, విప్పి, అన్నిటినీ సమాంతరంగా మార్చాలి. అప్పటికి మిగిలేది కొద్ది శాతమే.

బెంచ్ సప్లై వైర్లు ఏమీ తగిలించకుండా 3.60 వోల్టులకు పెట్టాలి, మల్టీమీటరుతో సరిచూడాలి, ఆ తర్వాతే కలపాలి. ఇక్కడ సెల్స్ పాడయ్యే దారి ఒకటుంది. సన్నటి వైర్లలో వోల్టేజీ పడిపోవడం వల్ల 10 ఆంపియర్లు రావాల్సిన చోట 4 వస్తాయి. త్వరగా అవ్వాలని నాబ్ తిప్పి 4 వోల్టులకు పెంచుతారు. సెల్స్ నిండేకొద్దీ కరెంటు తగ్గుతుంది, వైర్లలో పడిపోయే వోల్టేజీ కూడా మాయమవుతుంది, ఆ 4 వోల్టులు నేరుగా సెల్స్ మీద పడతాయి. తెల్లారేసరికి పొట్టలు ఉబ్బి ఉంటాయి. నాబ్ ముట్టకూడదు. వైర్లు మందంగా, పొట్టిగా వేసుకోవాలి.

కరెంటు 2 ఆంపియర్ల కిందికి వచ్చాక ఆపి, సెల్స్ విడదీసి, వారం పక్కన పెట్టాం. ఈ వారం ఎదురుచూపు వృథా కాదు. నిండిన సెల్స్ మొదట కాస్త దిగి ఒకచోట నిలుస్తాయి. ఒకటి మాత్రం రోజూ దిగుతూనే ఉంటే అది లోపల కారుతోందని అర్థం, ప్యాక్‌లోకి రానివ్వకూడదు. ఈ పదహారులో అలాంటిది లేదు.

ఏప్రిల్: కట్ట కట్టడం, బస్‌బార్లు

ఎనిమిదేసి సెల్స్ రెండు వరసలు. సెల్ మీద ఉండే నీలం ప్లాస్టిక్ చుట్ట చాలా పలచన. దాని కింద అల్యూమినియం డబ్బా, అది కరెంటుకు సంబంధం లేనిది కాదు. గతుకుల మీద రెండు సెల్స్ రాసుకుంటూ ఉంటే ఆ చుట్ట అరిగి డబ్బాలు కలుస్తాయి. ప్రతి రెండు సెల్స్ మధ్య 0.5 మి.మీ. ఎపాక్సీ గ్లాస్ షీటు పెట్టాం. వరస రెండు చివర్లలో 6 మి.మీ. అల్యూమినియం పలకలు, వాటిని లాగి పట్టే ఎం8 రాడ్లు నాలుగు, రాడ్ల మీద ఇన్సులేషన్ గొట్టం. పలకకూ చివరి సెల్‌కూ మధ్య కూడా ఎపాక్సీ షీటు తప్పదు. బిగింపు సెల్స్ కదలకుండా ఉండేంత చాలు. స్పానర్ మీద నిలబడి బిగిస్తే సెల్ లోపలి పొరలు నలుగుతాయి. ఛార్జ్‌లో సెల్ కాస్త లావెక్కుతుంది కనుక ఒక చివర పలచని రబ్బరు ఫోమ్ వేశాం.

బస్‌బార్లు, అంటే సెల్‌కూ సెల్‌కూ కలిపే పట్టీలు, నికెల్ పూత వేసిన రాగివే. కాకపోతే గట్టి పట్టీ కాకుండా మధ్యలో వంపు ఉన్న పొరల రకం తీసుకున్నాం. ఇంట్లో కదలకుండా ఉండే బ్యాటరీకి గట్టి పట్టీ చాలు. బండిలో ప్రతి గతుకుకూ అది టర్మినల్‌ను పీకుతూ ఉంటుంది, అల్యూమినియం మరలు వదులవుతాయి. టర్మినల్ ముఖాన్ని సన్నటి ఎమరీ పేపరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆక్సైడ్ రాకుండా కాపాడే గ్రీజు పలచగా పూసి, వెంటనే బిగించాలి. ఎం6కి టార్క్ రెంచ్‌తో 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు. చేతి అంచనాతో బిగిస్తే ఒకటి వదులు, ఒకటి మర తెగడం, రెండూ జరుగుతాయి.

బిగించాక 30 ఆంపియర్లు లాగుతూ ప్రతి జాయింటు మీద మిల్లీవోల్టులు కొలవాలి. మంచి జాయింటు 2-3 చూపిస్తుంది. తొమ్మిది, పది సెల్స్ మధ్య జాయింటు 11 చూపింది. విప్పి చూస్తే గ్రీజు కింద ఇసుక రేణువు. తుడిచి మళ్లీ బిగిస్తే 3కి దిగింది. 11 మిల్లీవోల్టులంటే 50 ఆంపియర్ల దగ్గర ఒక వాట్ వేడి కూడా లేదు. అయినా ఆ వేడి అంతా ఒక్క మర మొదట్లోనే పుడుతుంది, దాంతో మర ఇంకా వదులవుతుంది. తర్వాత బండి నడుస్తున్నప్పుడు తప్పు సెల్‌దా, జాయింటుదా అని తేల్చుకోవడానికి తేలికైన గుర్తు: లోడు ఉన్నప్పుడే తేడా కనిపించి, ఆపగానే పోతే జాయింటు. ఆపాక కూడా ఉంటే సెల్.

ఫ్యూజు గురించి కొంచెం ఆగి చెప్పాలి. పదహారు సెల్స్ అంతర్గత నిరోధం కలిపి 5 మిల్లీఓమ్‌ల లోపే. జాయింట్లు, వైర్లు కలుపుకుంటే 8. 52 వోల్టులకు పొరపాటున స్పానర్ అడ్డం పడితే 6,500 ఆంపియర్లు. పాత నాలుగు బ్యాటరీలు ఇందులో సగం కూడా ఇవ్వలేవు. బండిలో స్విచ్‌గా వాడుతున్న ఎంసీబీ ఏసీ కరెంటు రకం. ఏసీ సెకనుకు వందసార్లు సున్నా తాకుతుంది కనుక నిప్పు దానంతటదే ఆరుతుంది, డీసీలో ఆ అవకాశం లేదు. కార్ ఆడియో దుకాణంలో దొరికే ఫ్యూజుల మీద చూస్తే చాలావాటికి 32 వోల్టులనే ఉంటుంది. అవి కాలిపోయాక కూడా మెరుపు కొనసాగవచ్చు. 100 ఆంపియర్ల హెచ్‌ఆర్‌సీ (పెద్ద షార్ట్ కరెంటునూ తెంపగల) ఫ్యూజు, మీద డీసీ 80 వోల్టులో అంతకన్నా ఎక్కువో, తెంపే సామర్థ్యం 10 కిలోఆంపియర్లో అంతకన్నా ఎక్కువో అచ్చు వేసి ఉన్నది తీసుకోవాలి. ప్లస్ టర్మినల్ నుంచి జానెడు దూరంలో, పెట్టె లోపలే బిగించాం.

మెయిన్ వైరు 25 చదరపు మి.మీ. రాగి. లగ్గులు హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కినవి. సుత్తితో కొట్టిన లగ్గు కొన్ని నెలలు బాగానే ఉంటుంది, వానాకాలం రాగానే లోపల పచ్చబడుతుంది.

ఏప్రిల్ చివర: బీఎంఎస్

మోటారు లాగేది 50 కనుక 60 ఆంపియర్ల బీఎంఎస్ చాలదా? నడుస్తుంది, కాకపోతే గట్టు ఎక్కిన ప్రతిసారీ హద్దు అంచున వేడెక్కుతుంది. 100 ఆంపియర్లది పెట్టాం, ఒక ఆంపియరు యాక్టివ్ బ్యాలెన్సరు (ఎక్కువ నిండిన సెల్ నుంచి తక్కువదానికి కరెంటు మళ్లించేది) ఉన్నది.

పదహారు సెల్స్‌కు పదిహేడు సన్న తీగలు. ప్లగ్గు బీఎంఎస్‌కు పెట్టేముందు, మల్టీమీటరు నలుపు తీగను మొదటి పిన్ను మీద ఉంచి, ఎరుపుతో ఒక్కో పిన్ను దాటుతూ పోవాలి. ప్రతిసారీ 3.3 పెరగాలి. ఎక్కడైనా 6.6 ఎగిరినా, వెనక్కి తగ్గినా తీగలు తారుమారయ్యాయి. ఆ ప్లగ్గు పెడితే బీఎంఎస్ ఆ క్షణంలోనే పోతుంది. ముందు మందపాటి మైనస్ వైరు బిగించి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి. విప్పేటప్పుడు దీనికి తిరగేసి.

పెట్టిన సెట్టింగులు: సెల్ 3.65 దాటితే ఛార్జింగ్ బంద్, 3.50కి దిగాక మళ్లీ ఆన్. 2.80 దిగితే బండి బంద్, 3.00 దాటాక ఆన్. నిరంతర డిశ్చార్జ్ 80 ఆంపియర్లు, ఛార్జ్ 30. ఛార్జింగ్‌లో సెల్ వేడి 50 డిగ్రీలు దాటకూడదు, నడకలో 60. బ్యాలెన్సరు 3.40 పైనే మొదలవ్వాలి. ఇది ముఖ్యం. ఫాస్ఫేట్ సెల్ మధ్య స్థాయిలో వోల్టేజీ దాదాపు బల్లపరుపు, అక్కడ కనిపించే మిల్లీవోల్టు తేడాలకు నింపుదలతో సంబంధం ఉండదు. రోజంతా పనిచేసే బ్యాలెన్సరు ఆ తేడాలు చూసి, మనం కష్టపడి చేసిన టాప్ బ్యాలెన్స్‌ను మెల్లగా చెడగొడుతుంది.

కీ వేయగానే బీఎంఎస్ షార్ట్ అని చూపించి ఆగిపోయింది. షార్ట్ ఏమీ లేదు. ఖాళీగా ఉన్న కంట్రోలరు కెపాసిటర్లు ఒక్క లిప్తలో వందల ఆంపియర్లు మింగుతాయి. లెడ్ యాసిడ్‌లో అది స్విచ్ దగ్గర చిన్న మెరుపుగా సరిపోయేది. మెయిన్ స్విచ్‌కు సమాంతరంగా 100 ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరు, ఒక నొక్కుడు బటన్ పెట్టాం. బటన్ రెండు సెకన్లు నొక్కి, అప్పుడు స్విచ్ వేస్తే మెరుపు లేదు, షార్ట్ సందేశమూ లేదు.

మే: పెట్టె, ఎండ

ప్యాక్ వేడెక్కుతుందని లోపల ఫ్యాన్లు పెట్టేవాళ్లున్నారు. లెక్క వేస్తే 30 ఆంపియర్ల దగ్గర ఈ ప్యాక్‌లో పుట్టే వేడి ఏడు వాట్లు. రాత్రి వేసుకునే చిన్న బల్బంత. వేడి లోపలి నుంచి కాదు, పైనుంచి వస్తోంది. మే నెల గోదావరి ఎండలో నల్ల రంగు సీటు పెట్టె లోపల, బండి కదలకుండానే 54 డిగ్రీలు చూపించింది. బీఎంఎస్ ఛార్జింగ్ ఇవ్వనంది, ఇవ్వకపోవడమే సరైంది. ఫ్యాన్ పెడితే ఆ వేడి గాలినే, తుంపర్ల నీటితో కలిపి లోపలికి లాగుతుంది.

చేసింది ఇది: పెట్టె పైన 25 మి.మీ. గాలి సందు వదిలి రెండో రేకు, రెండింటికీ తెల్ల పెయింటు, ఛార్జరు పెట్టె బయటికి. ఛార్జరు తానే 100 వాట్లకు పైగా వేడి వదులుతుంది, దాన్ని సెల్స్ పక్కన ఉంచడం దండగ. ఈ మార్పులతో అలాంటి ఎండలోనే 46 దగ్గర నిలిచింది. ఛార్జింగ్ మధ్యాహ్నం కాకుండా రాత్రికి మార్చారు. ఉష్ణోగ్రత సెన్సర్లు రెండూ వరసల మధ్య సెల్స్‌కు ఆనించి ఉన్నాయి. గాల్లో వేలాడదీస్తే అవి చెప్పేది పెట్టె వేడి, సెల్ వేడి కాదు.

పెట్టె 2 మి.మీ. రేకు, వైర్లకు రబ్బరు గ్లాండ్లు, మూతకు గాస్కెట్. పూర్తిగా మూసేయకూడదు. సెల్ చెడితే మండే వాయువులు వదులుతుంది, వాటికి దారి లేకపోతే పెట్టే పగులుతుంది. నీరు రానివ్వని బ్రీదర్ వాల్వు పక్కవైపు, డ్రైవరుకు అవతలి దిక్కుగా పెట్టాం.

మే చివర: ఛార్జరు, 12 వోల్టులు, మీటరు

పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరు చివర్లో 62 వోల్టుల దాకా ఎక్కుతోంది. లెడ్ యాసిడ్ ఆ ఎక్కువను నీళ్లు మరిగించి ఖర్చు చేసేది, టాపప్ డబ్బా పట్టుకుని తిరగడం అందుకే. లిథియంలో మరగడానికి ఏమీ లేదు. బీఎంఎస్ ఆపుతుంది కదా అంటే, రోజూ బీఎంఎస్‌తో ఆపించడం రోజూ గోడకు గుద్ది బండి ఆపడం కిందే లెక్క. 20 ఆంపియర్ల కొత్త ఛార్జరు తెచ్చి లోపలి ట్రిమ్మరుతో 56.8కి, అంటే సెల్‌కు 3.55కి దించాం. కోల్పోయే సామర్థ్యం చాలా తక్కువ, సెల్ ఆయుష్షు మీద భారం తగ్గుతుంది. దాదాపు ఖాళీ నుంచి నిండడానికి సుమారు ఐదు గంటలు. గోడ దగ్గర 16 ఆంపియర్ల సాకెట్, ఎర్త్ తప్పనిసరి.

ఛార్జరు మైనస్, 12 వోల్టుల కన్వర్టరు మైనస్, రెండూ బీఎంఎస్ అవతలి వైపే కలపాలి. నేరుగా సెల్స్ మైనస్‌కు తగిలిస్తే బీఎంఎస్ తలుపు మూసినా ఆ కరెంటు దొడ్డిదారిన పోతుంది. బండి బాగానే నడుస్తుంది కనుక ఈ తప్పు సెల్స్ పోయాకగానీ బయటపడదు.

కన్వర్టరు 36 నుంచి 72 వోల్టులు తీసుకుని 12 వోల్టులు, 10 ఆంపియర్లు ఇచ్చేది. హారన్ కొట్టగానే లైట్లు ఆరితే కన్వర్టరు చెడిందని కాదు, హారన్ మొదటి గుక్కకు అది హద్దు దాటి ఆగుతోంది. ఎలక్ట్రానిక్ హారన్ వేస్తే పోయింది. కన్వర్టరు ఇన్‌పుట్ కీ తర్వాతే తీసుకోవాలి. ఊరికే కూర్చున్నా 30 మిల్లీఆంపియర్లు తాగితే నెలకు 20 ఏహెచ్‌కు పైనే.

డ్యాష్ మీద పాత సూది మీటరు వోల్టేజీ చూసి నింపుదల చెప్పేది. ఫాస్ఫేట్‌లో 90 శాతం నుంచి 20 శాతానికి దిగేలోపు ప్యాక్ మొత్తానికి రెండు వోల్టులు కూడా మారవు. సూది సాయంత్రం దాకా నిండుగా చూపించి, ఆ తర్వాత ఒక్కసారిగా పడుతుంది. 100 ఆంపియర్ల, 75 మిల్లీవోల్టుల షంట్ (కరెంటు కొలవడానికి వాడే చిన్న నిరోధం) ఉన్న మీటరు పెట్టి, లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన ఏహెచ్ లెక్క చూపిస్తున్నాం. 20 శాతం దగ్గర బజరు. ఈ మీటరు లెక్క మెల్లగా తప్పుతుంది కనుక వారానికి ఒకసారైనా పూర్తిగా నింపి సున్నా సరిచేయాలి.

జూన్: లోడు పరీక్ష

నిబంధనల్లో ఈ-కార్ట్‌కు 310 కిలోల పరిమితి ఉంది. నర్సరీ లోపలైనా దాన్నే పాటించి 300 కిలోల మట్టి బస్తాలతో తిప్పాం. కిలోమీటరుకు 55 వాట్-అవర్లు పడింది. 4.8 యూనిట్లకు 85 కిలోమీటర్ల పైమాటే, నర్సరీ రోజువారీ అవసరం ఇందులో సగం లోపు. గట్టు మీద ప్యాక్ వోల్టేజీ ఒక వోల్టు కూడా జారలేదు. పాతవాటితో అదే గట్టు మీద నాలుగైదు వోల్టులు జారి, బండి నీరసించేది.

బ్రేకుల దగ్గర ఒక చిక్కు. ఈ కంట్రోలరులో బ్రేక్ పట్టగానే మోటారు కరెంటును వెనక్కి తోసే ఈఏబీఎస్ ఉంది. ప్యాక్ పూర్తిగా నిండి ఉన్నప్పుడు గట్టు దిగితే, ఎక్కడైనా ఒక సెల్ హద్దు తాకి బీఎంఎస్ ఛార్జింగ్ దారి మూసేయవచ్చు. అప్పుడు ఆ కరెంటుకు పోయే చోటుండదు, 63 వోల్టుల కెపాసిటర్లు ఉన్న చోట వోల్టేజీ ఎగురుతుంది, ఎఫ్‌ఈటీలు (కంట్రోలరులో కరెంటును ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) పోయేది అక్కడే. ఛార్జరును 56.8కి దించడంతో కొంత జాగా మిగిలింది, అయినా ఈఏబీఎస్ తీగ విప్పేశాం. ఈ వేగంలో అది వెనక్కి తెచ్చే కరెంటు లెక్కలోకి రాదు. డ్రమ్ బ్రేకులు సరిచేశాం.

బరువు సంగతి అనుకున్నదానికన్నా పెద్దది. పాత నాలుగూ 125 కిలోలకు పైన, కొత్త ప్యాక్ పెట్టెతో కలిపి 45 చిల్లర. వెనక ఇరుసు మీద నుంచి 80 కిలోలు దిగడంతో ఖాళీ బండి తడి మట్టిలో వెనక చక్రాలు తిప్పుకుంటోంది, కమాన్లు గట్టిగా ఎగరేస్తున్నాయి. వెనక టైర్లలో గాలి కాస్త తగ్గించాం, కమాన్ కట్టలో ఒక ఆకు తీయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఆ మిగిలిన 80 కిలోలను అదనపు సరుకుగా వేయవద్దని మాత్రం గట్టిగా చెప్పాం. బ్రేకులు, ఛాసిస్ మారలేదు.

మిగిలిన పనులు

పాత బ్యాటరీలు 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లరుకు చేరే డీలరుకే ఇచ్చాం. తూకానికి ఎక్కువ ఇస్తానని వచ్చే పాత సామాన్లవాళ్లు యాసిడ్‌ను మట్టిలో ఒంపి సీసం పట్టుకెళ్తారు, నర్సరీలో అది ఇంకా ప్రమాదం. ట్రే కింద కారిన యాసిడ్ మీద వంట సోడా చల్లి, నురుగు ఆగేదాకా కడిగి, తినేసిన ఇనుమును గీకి రెడాక్సైడ్ వేశాం.

రెండు వానలు పడ్డాక పెట్టె మూత తీసి గాస్కెట్, గ్లాండ్ల దగ్గర తేమ చూడాలి. జాయింట్లన్నీ మళ్లీ 30 ఆంపియర్ల మీద కొలిచి, ఏప్రిల్ కొలతలతో పోల్చాలి. 5 మిల్లీవోల్టులు దాటిన ప్రతి జాయింటూ విప్పి శుభ్రం చేయాలి, పైపైన బిగించి వదలకూడదు. నర్సరీకి పని తగ్గే నెలల్లో బండి ఆపేస్తే ప్యాక్‌ను నిండుగా కాక సగం దగ్గర ఉంచి, మెయిన్ స్విచ్ తీసేయాలి. బండి ఆపేసేటప్పటి ఈ రెండు సూచనలు ఛార్జింగ్ సాకెట్ పక్కనే గోడ మీద పెయింటుతో రాయించాం.